పెరట్లో చేపల తొట్టికి తక్కువ ఖర్చులో సొంత ఫిల్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి ముందో పెరట్లోనో సిమెంటు తొట్టి కట్టించుకుని, నాలుగు గోల్డ్ ఫిష్ వేసుకుని, నెల తిరక్కుండానే చేపలు చచ్చిపోతున్నాయని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. షాపులో అడిగితే వేలకు వేలు పోసి ఫిల్టర్ కొనమంటారు. అంత అక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, కూలర్ మోటారు, కొన్ని పైపులు, గిన్నెలు తోముకునే నైలాన్ స్క్రబ్బర్లు ఉంటే మంచి ఫిల్టర్ తయారవుతుంది. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడమే ముఖ్యం. తెలియకపోతే ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా చేపలు దక్కవు.

నీళ్లు మాసినప్పుడు మార్చేస్తే సరిపోదా? ఫిల్టర్ ఎందుకు?

కంటికి కనిపించే మురికి వల్ల చేపలు చావడం తక్కువ. చంపేది కంటికి కనపడని అమ్మోనియా. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగి అమ్మోనియాగా మారతాయి. అందులో ఎక్కువ భాగం మొప్పల గుండానే నీళ్లలోకి వస్తుంది. 30 శాతం ప్రొటీన్ ఉన్న మేత 100 గ్రాములు వేస్తే దాదాపు 3 గ్రాముల అమ్మోనియా పుడుతుంది. మిగిలిపోయి కుళ్లిన మేత నుంచి వచ్చేది అదనం. నీళ్లు అద్దంలా ఉన్నా అమ్మోనియా ఉండొచ్చు. అందుకే "నీళ్లు బాగానే ఉన్నాయండీ, అయినా చేపలు పోతున్నాయి" అని చాలామంది అంటుంటారు.

ఫిల్టర్‌లో స్థిరపడే బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి పని నైట్రోసోమొనాస్ లాంటివి చేస్తాయి, రెండోది నైట్రోస్పైరా లాంటివి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ వల్ల మాత్రం పెద్దగా హాని ఉండదు, దాన్ని మొక్కలు పీల్చుకుంటాయి. మురికిని పట్టడం ఫిల్టర్‌కు చిన్న పని. ఈ బ్యాక్టీరియాకు ఇల్లు ఇవ్వడం పెద్ద పని. కింద చెప్పే ప్రతి సలహా వెనకా ఉన్నది ఇదే.

నీళ్లన్నీ ఒక్కసారిగా మార్చేస్తే అమ్మోనియా పోతుంది, నిజమే. కానీ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), వేడి ఒక్కసారిగా మారి చేపలు దెబ్బతింటాయి. వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.

అన్ని తొట్లకూ ఫిల్టర్ కావాలా?

అక్కర్లేదు. వంద లీటర్ల టబ్బులో తామరో కలువో పెట్టి, ఏడెనిమిది గప్పీలు వేసుకుని, చిటికెడు మేత వేస్తుంటే ఫిల్టర్ దండగ. మొక్క వేళ్లు, టబ్బు అడుగున ఉన్న మట్టి, గోడల మీద పట్టిన పాచి ఆ పని చేసేస్తాయి. గోల్డ్ ఫిష్ వేసినా, చేపల సంఖ్య పెరిగినా ఫిల్టర్ తప్పదు. గోల్డ్ ఫిష్ బాగా తింటుంది, అంతకంత విసర్జిస్తుంది.

నా తొట్టికి ఎంత ఫిల్టర్ కావాలి? లెక్క ఎలా?

పొడవు, వెడల్పు, నీటి లోతు అడుగుల్లో కొలిచి గుణించండి. వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉంటే 48 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,360 లీటర్లు. మన ఇళ్లలో కట్టే తొట్లు చాలావరకు ఈ సైజులోనే ఉంటాయి కాబట్టి ఇక్కడ దీన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఇంత తొట్టికి 200 లీటర్ల డ్రమ్ము ఒకటి చక్కగా సరిపోతుంది. గంట, గంటన్నరకు ఒకసారి తొట్టి నీళ్లన్నీ ఫిల్టర్ గుండా తిరగాలి. అంటే గంటకు 900 నుంచి 1,400 లీటర్లు. ఫిల్టర్ అవసరానికంటే పెద్దదైతే నష్టం లేదు. చిన్నదైతే మాత్రం రోజూ దాని సంగతే చూసుకుంటూ కూర్చోవాలి.

మూడొందల లీటర్ల చిన్న తొట్టికి 20 లీటర్ల బకెట్ సరిపోతుంది. క్యాటరింగ్ వాళ్ల దగ్గర, హోటళ్లలో పెరుగు బకెట్లు, పచ్చడి బకెట్లు ఖాళీవి దొరుకుతాయి. పెయింటు బకెట్ కంటే అవి నయం.

పాత డ్రమ్ము వాడొచ్చా?

వాడొచ్చు, కానీ ఇంతకు ముందు అందులో ఏముందో తెలియాలి. నీలం రంగు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డ్రమ్ములు పాత సామాన్ల కొట్లలో దొరుకుతాయి. వంటనూనె, పళ్లరసం లాంటివి వచ్చిన డ్రమ్ములైతే సబ్బుతో కడిగి, సబ్బు వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లతో తొలిచి వాడుకోండి. పురుగుమందు, యాసిడ్, రంగు, ద్రావకాలు వచ్చినవి ఎంత కడిగినా వద్దు. ప్లాస్టిక్ వాటిని పీల్చుకుని నెలల తరబడి వదులుతూ ఉంటుంది. మూత తీసి వాసన చూడండి. ఘాటుగా ఉన్నా, అమ్మేవాడు "ఏదో కెమికల్ అండీ" అన్నా వదిలేయండి. అనుమానంగా ఉంటే నీళ్లు నిల్వ చేసుకునే కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము కొనుక్కోవడం మేలు.

డాబా మీద పెట్టేవాళ్లకు ఒక మాట. నిండిన 200 లీటర్ల డ్రమ్ము 200 కిలోలు దాటుతుంది. దాన్ని దూలం మీదికో గోడ మీదికో వచ్చేలా పెట్టండి, శ్లాబు మధ్యలో వద్దు.

ఏ మోటారు కొనాలి?

ఎయిర్ కూలర్‌లో వాడే సబ్‌మెర్సిబుల్ (నీటిలో మునిగి పనిచేసే) మోటారు చవక. ప్రతి ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది, పాడైతే అదే రోజు ఇంకోటి తెచ్చుకోవచ్చు. కొనేముందు డబ్బా మీద రెండు అంకెలు చూడండి. ఒకటి గంటకు ఎన్ని లీటర్లు అని, రెండోది ఎంత ఎత్తు అని. చాలామంది పొరపడేది ఇక్కడే. "గంటకు 1,100 లీటర్లు, 6 అడుగులు" అని ఉంటే, 6 అడుగుల ఎత్తుకు 1,100 లీటర్లు వస్తాయని కాదు. ఎత్తు లేనప్పుడు 1,100 లీటర్లు వస్తాయి, 6 అడుగుల ఎత్తులో చుక్క కూడా రాదు. మూడడుగుల ఎత్తుకు సుమారు సగమే వస్తుందనుకోండి.

200 లీటర్ల డ్రమ్ము మూడడుగుల ఎత్తు ఉంటుంది. కాబట్టి మన 1,360 లీటర్ల తొట్టికి 18 వాట్ల చిన్న మోటారు చాలకపోవచ్చు. 40 వాట్లది తీసుకోండి. లేదంటే డ్రమ్మును సగం దాకా నేలలో పాతిపెడితే చిన్న మోటారుతోనే గడిచిపోతుంది. అయితే అప్పుడు మడ్డి వదలడానికి డ్రమ్ము అడుగున పెట్టే వాల్వ్ నీళ్లు పోవడానికి పక్కన గుంట తవ్వుకోవాలి.

బిగించాక అసలు ఎంత వస్తోందో కొలవండి. డ్రమ్ములోంచి బయటికొచ్చే పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైమ్ చూడండి. 72 సెకన్లలో నిండితే గంటకు 1,000 లీటర్లు.

డ్రమ్ము లోపల ఏది ఎక్కడ రావాలి? వివరంగా చెప్పండి.

నీళ్లు అడుగున దిగి, పైకి ఎక్కి, పై అంచు దగ్గర బయటికి రావాలి. ఈ పద్ధతిలో బరువైన మడ్డి అడుగునే ఉండిపోతుంది, తేటనీరు మాత్రమే పైకి వస్తుంది. పై నుంచి కిందికి వెళ్లే పద్ధతిలో చేసిన డ్రమ్ములు నాలుగు రోజులకే స్పాంజి మూసుకుపోయి పొంగిపొర్లడం చూస్తుంటాం.

ముందు రంధ్రాలు. పై అంచుకు నాలుగంగుళాల కింద 2 అంగుళాల పైపుకు ఒకటి, అడుగుకు ఆనుకుని ఒకటిన్నర అంగుళాల పైపుకు ఒకటి. పైది నీళ్లు బయటికి రావడానికి, కిందది మడ్డి వదలడానికి. ప్లంబర్ దగ్గర డ్రిల్లుకు తగిలించే గుండ్రటి హోల్ సా ఉంటుంది, అడిగి పెట్టించుకోండి. కాల్చిన ఇనుప పైపుతో పొడిస్తే అంచులు ఎగుడుదిగుడుగా వచ్చి, తర్వాత ఎంత ఎం-సీల్ పూసినా కారుతూనే ఉంటుంది. రంధ్రాలకు ట్యాంక్ కనెక్టర్లు బిగించండి. రబ్బరు వాషరు లోపలా బయటా రెండు వైపులా ఉండాలి. మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టాలి. కింది కనెక్టర్‌కు బాల్ వాల్వ్ తగిలించండి. దీని దగ్గర పొదుపు చేయొద్దు. ఈ వాల్వ్ లేని డ్రమ్మును శుభ్రం చేయాలంటే అంతా విప్పాల్సిందే.

మోటారు నుంచి వచ్చే పైపును డ్రమ్ము లోపలి గోడ వెంబడి అడుగు దాకా దింపి, చివర ఎల్బో పెట్టి గోడ వైపు పక్కకు తిప్పండి. నీళ్లు అడుగున గుండ్రంగా తిరుగుతాయి. తిరిగే నీటిలో మడ్డి మధ్యకు చేరి కూర్చుంటుంది.

అడుగు నుంచి ఎనిమిదంగుళాలు ఖాళీగా వదిలేయండి. ఆ ఎత్తులో ఒక జాలీ కావాలి. కూరగాయల ప్లాస్టిక్ క్రేటు అడుగుభాగాన్ని గుండ్రంగా కోసి, నాలుగు పీవీసీ పైపు ముక్కల మీద నిలబెడితే సరిపోతుంది. దాని మీద గ్రీన్ నెట్‌ను ఏడెనిమిది పొరలుగా మడిచి పరవండి. ఆ పైన స్క్రబ్బర్లు నింపిన ఉల్లిపాయల సంచులు. సంచుల్లో వేయడం వల్ల తీయడం, పెట్టడం సులువు. అంచులకూ డ్రమ్ము గోడకూ మధ్య సందు లేకుండా సర్దండి. సందు ఉంటే నీళ్లన్నీ ఆ దారినే పోతాయి, స్క్రబ్బర్ల జోలికి రావు.

బయటికొచ్చే పైపు లోపలికొచ్చే పైపు కంటే లావుగా ఉండాలి. లోపలికి మోటారు నెడుతుంది, బయటికి నీళ్లు వాటంతట అవే రావాలి. తిరిగి తొట్టిలో పడే నీళ్లు ఒక అడుగు పైనుంచి పడేలా చూడండి. ఆ పడటంలోనే గాలి కలుస్తుంది, వేరే ఎయిర్ పంపు కొనక్కర్లేదు. నీళ్లు పడేది ఒక చివరైతే మోటారు రెండో చివర ఉండాలి. మోటారును రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి మూత కట్టండి, లేకపోతే చిన్న చేపలు అతుక్కుపోతాయి.

స్క్రబ్బర్లు వేయకముందే ఉత్త నీళ్లతో నింపి ఒక రోజంతా నడిపి, ఎక్కడైనా కారుతోందేమో చూసుకోండి.

స్క్రబ్బర్లే ఎందుకు? కంకర, ఇటుక ముక్కలు, బొగ్గు వేయొచ్చు కదా?

కంకరతోనూ పని జరుగుతుంది. కాకపోతే కంకర నింపిన చోట నీటికి మిగిలే ఖాళీ దాదాపు 40 శాతమే. నైలాన్ స్క్రబ్బర్లలో 90 శాతం పైగా ఖాళీనే. అంటే మూసుకుపోవడం తక్కువ, బ్యాక్టీరియా పట్టడానికి జాగా ఎక్కువ. పైగా ఒక ఘనపుటడుగు కంకర 40 కిలోలు దాటుతుంది. దాన్ని బయటికి తీసి కడగడం ఇంట్లోవాళ్ల వల్ల కాదు. వాసన లేని, రంగు దిగని నైలాన్ స్క్రబ్బర్లు హోల్‌సేల్ కొట్లో డజన్ల లెక్కన తెచ్చుకోండి. జ్యూస్ స్ట్రాలు ముక్కలు చేసి వేసినా, శుభ్రంగా కడిగిన సీసా మూతలు వేసినా బాగానే పనిచేస్తాయి.

వేయకూడనివి: రాగి, ఇత్తడి పీచు. రాగి కొంచెం కరిగినా చేపలకు విషం. ఇనుప పీచు తుప్పు పడుతుంది. "యాంటీ బ్యాక్టీరియల్" అని రాసి ఉన్న స్పాంజి మనం పెంచాలనుకునే బ్యాక్టీరియానే చంపుతుంది. కొబ్బరి పీచు మొదట్లో బాగుంటుంది కానీ నీటిలో మెల్లగా కుళ్లుతుంది. బొగ్గు కొన్ని వారాల్లో తన పీల్చే గుణం కోల్పోతుంది, రోజువారీ ఫిల్టర్‌లో దానికి చోటు ఇవ్వను.

మొత్తం ఎంతవుతుంది?

ఊరిని బట్టి, డ్రమ్ము దొరికే చోటును బట్టి మూడు వేలు అటూ ఇటూ అనుకోండి. అందులో డ్రమ్ము, మోటారు, పైపు సామాను తలా వెయ్యి లోపు. స్క్రబ్బర్లు, నెట్టు కొన్ని వందలు.

కరెంటు బిల్లు సంగతేంటి? రాత్రిపూట మోటారు ఆపేయొచ్చా?

40 వాట్ల మోటారు రోజంతా తిరిగితే ఒక యూనిట్ కంటే కొంచెం తక్కువ, నెలకు 29 యూనిట్లు. 18 వాట్లదైతే నెలకు 13.

రాత్రి మాత్రం ఆపొద్దు. బ్యాక్టీరియా పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. నీటి కదలిక ఆగితే డ్రమ్ములో ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. పైగా రాత్రిపూట పాచి, మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు, అవే తీసుకుంటాయి. చేపలకు మోటారు ఎక్కువ అవసరమయ్యేది రాత్రే.

ఈరోజు ఫిల్టర్ బిగించాను. రేపు చేపలు వేయొచ్చా?

వద్దు. ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు ముందే తెలిస్తే బోలెడన్ని చేపలు బతికేవి.

కొత్త స్క్రబ్బర్ మీద బ్యాక్టీరియా ఉండవు. అవి నీళ్లలోంచి వచ్చి అంటుకుని పెరగాలి. మామూలు బ్యాక్టీరియాలా ఇవి గంటల్లో రెట్టింపు కావు, చాలా మెల్లగా పెరుగుతాయి. మన వాతావరణంలో నీళ్లు 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే పూర్తిగా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండు వారాల్లో అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరికి రెండూ సున్నాకు వస్తాయి. అప్పుడే ఫిల్టర్ తయారైనట్టు.

చేయాల్సింది ఇది. నీళ్లు నింపి మోటారు తిప్పండి. రెండో రోజు నుంచి, చేపలు ఉన్నట్టే అనుకుని, చిటికెడు మేత నీళ్లలో వేస్తూ ఉండండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోంచి రెండు స్క్రబ్బర్లో స్పాంజి ముక్కో తడి ఆరకుండా తెచ్చి మీ డ్రమ్ములో వేయండి. ఆరు వారాల పని రెండు మూడు వారాల్లో అయిపోవచ్చు. డబ్బుతో కొనే ఏ సీసా కంటే ఇది నమ్మకమైన దారి.

అమ్మోనియా, నైట్రైట్ చూసుకునే చుక్కల మందు కిట్లు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. ఒకటి కొనుక్కోండి. ఈ ఖర్చు తప్పనిసరి.

కిట్ చూడకుండానే కొంత పోల్చుకోవచ్చు కూడా. నెల దాటాక ఒక స్క్రబ్బర్ తీసి చూడండి. కొత్తగా ఉన్నప్పటి మెరుపు పోయి, నైలాన్ పోగుల మీద లేత గోధుమ రంగు పొర పట్టి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే జారుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి మట్టి వాసన వస్తుంది. ఆ పొర కోసమే ఇంత శ్రమ. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మాత్రం లోపల ఎక్కడో నీళ్లు తిరగడం లేదని అర్థం.

తర్వాత చేపలు కూడా ఒకేసారి వేయొద్దు. మూడు, నాలుగు వేసి, రెండు వారాలు ఆగి, కిట్‌లో సున్నా చూశాక ఇంకో రెండు. మన ఉదాహరణ తొట్టికి ఎనిమిది, పది గోల్డ్ ఫిష్ దగ్గర ఆగిపోవడం మంచిది.

చేపలు ఇప్పటికే వేసేశాను, అమ్మోనియా కనిపిస్తోంది. ఎలా?

మేత వెంటనే ఆపండి. రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ లేని నీళ్లు నింపండి. పీహెచ్ కూడా చూడండి. అమ్మోనియాలో విషపూరిత భాగం పీహెచ్‌తో పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది ఒక శాతం కూడా ఉండదు. 8 దగ్గర 5 శాతం, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా ఎక్కువ.

నైట్రైట్ కనిపిస్తే అయొడిన్ కలపని కల్లుప్పు వేయండి. వెయ్యి లీటర్లకు ఒక కిలో, బకెట్ నీళ్లలో కరిగించి, రోజంతా కొద్దికొద్దిగా పోయాలి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి వెళ్లకుండా అడ్డుకుంటుంది.

తొట్టి కొత్తగా కట్టించాం. సిమెంటు వల్ల ఇబ్బంది ఉందా?

ఉంది. కొత్త సిమెంటు సున్నాన్ని వదులుతుంది, పీహెచ్ బాగా పైకి పోతుంది. నీళ్లు నింపి, నాలుగైదు రోజులు ఉంచి పారబోయండి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టడం మన దగ్గర పాత అలవాటు, అలా చేసినా మంచిదే. కానీ చివర్లో పీహెచ్ చూడకుండా చేపలు వేయొద్దు. 8.5 లోపుకు వచ్చి నిలబడాలి.

మున్సిపాలిటీ నీళ్లు మంచివా, బోరు నీళ్లా?

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మొప్పల్ని కాలుస్తుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ చంపుతుంది. మూత లేని డ్రమ్ములో ఒక రోజు ఎండలో ఉంచి పోయండి. అంత టైమ్ లేకపోతే సోడియం థయోసల్ఫేట్ పలుకులు వాడతారు, అక్వేరియం షాపులో "యాంటీ క్లోరిన్" అని అడిగితే ఇచ్చేది చాలావరకు అదే.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ భూమిలోంచి వచ్చేటప్పుడు ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి. షవర్‌లా పైనుంచి చిలకరిస్తూ పోస్తే సరి. బోరు నీళ్లు కఠినంగా ఉన్నాయని చాలామంది భయపడతారు. గోల్డ్ ఫిష్‌కు అది ఇబ్బంది కాదు, ఫిల్టర్‌కు మేలే. బ్యాక్టీరియా పనిచేస్తున్నప్పుడు నీటిలోని క్షారత ఖర్చవుతూ ఉంటుంది. కఠినమైన నీటిలో ఆ నిల్వ సమృద్ధిగా ఉంటుంది.

ఫిల్టర్ పెట్టి రెండు నెలలైనా నీళ్లు పచ్చగానే ఉన్నాయి. ఏం తప్పు చేశాను?

తప్పేమీ లేదు. పచ్చదనం ఒంటికణపు నాచు. అది స్క్రబ్బర్ల సందుల్లోంచి హాయిగా వెళ్లిపోతుంది. దానికి కావాల్సినవి ఎండ, నైట్రేట్. ఎండ తగ్గించండి: మధ్యాహ్నం నీడ పడేలా 50 శాతం గ్రీన్ నెట్ కట్టండి, లేదా నీటి మీద సగం భాగం కలువ ఆకులు పరుచుకునేలా చూడండి. మేత తగ్గించండి. యూవీ దీపం పెడితే పది రోజుల్లో తేటపడుతుంది కానీ అది అదనపు ఖర్చు. నా అభిప్రాయంలో నీడ, మొక్కలు చాలు. పచ్చనీళ్లలో చేపలు ఆరోగ్యంగానే ఉంటాయి, కంగారు పడొద్దు.

ఎన్నాళ్లకోసారి కడగాలి?

కడగడం అనే మాటే కొంచెం ప్రమాదకరం. వారానికోసారి మోటారు ఆపి, పది నిమిషాలు ఆగి, అడుగు వాల్వ్‌ను పదిహేను సెకన్లు పూర్తిగా తెరవండి. మొదట డికాషన్‌లా నల్లటి నీళ్లు వస్తాయి, తర్వాత పలచబడతాయి. పలచబడగానే కట్టేయండి. ఆ నల్లటి నీళ్లు మల్లె పాదుకు, అరటి చెట్టుకు పోయండి, మంచి ఎరువు.

స్క్రబ్బర్లను మూడు నాలుగు నెలలకోసారి, అది కూడా నీటి వేగం తగ్గితేనే ముట్టుకోండి. తొట్టి నీళ్లే బకెట్‌లో తీసుకుని అందులో రెండుసార్లు ముంచి తీస్తే చాలు. నల్లా కింద పెట్టి తళతళలాడేలా తోమితే మళ్లీ ఆరు వారాలు వెనక్కి పోయినట్టే. ఒక్కోసారి సగం సంచులే కడగండి, మిగతా సగం నెల తర్వాత.

వారానికి పది, పదిహేను శాతం నీళ్లు మార్చడం మానొద్దు. ఎండాకాలంలో ఆవిరైపోయిన మేరకు నింపడం నీళ్లు మార్చడం కిందికి రాదు. ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలు అక్కడే పోగుపడతాయి.

కరెంటు పోతే?

గంట రెండు గంటలకు ఏమీ కాదు. నాలుగైదు గంటలు దాటితే మోటారు వేసేముందు అడుగు వాల్వ్ తెరిచి డ్రమ్ములోని నీళ్లు మొక్కలకు వదిలేయండి. ఆక్సిజన్ అయిపోయి పాడైన ఆ నీళ్లు ఒక్కసారిగా తొట్టిలోకి వస్తే చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మోటారును ఆ లైన్‌కు కలపండి, 40 వాట్లంటే నాలుగైదు ఎల్ఈడీ బల్బుల పాటి లోడే.

ఎండాకాలం తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి. జబ్బా?

చాలావరకు ఆక్సిజన్ కొరత. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర అది 7కు పడిపోతుంది. రాత్రంతా చేపలు, పాచి, బ్యాక్టీరియా అన్నీ దాన్నే వాడుకుంటాయి. అందుకే తెల్లవారేసరికి బాగా తగ్గిపోతుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులు తెల్లవారుజామున ఏరియేటర్లు తిప్పేది ఇందుకే. నీళ్లు పడే ఎత్తు పెంచండి, నీడ కట్టండి, సాయంత్రం మేత మానేయండి.

ఆక్వా షాపుల్లో జియోలైట్, ప్రోబయోటిక్స్ అమ్ముతారు. వేయొచ్చా?

జియోలైట్ అనే ఖనిజం మంచినీటిలో అమ్మోనియాను పట్టుకుంటుంది, కాబట్టి అత్యవసరానికి ఒక ప్యాకెట్ ఉంచుకోవచ్చు. ఉప్పు వేసిన నీటిలో మాత్రం పనిచేయదు, పట్టుకున్నదాన్ని తిరిగి వదిలేస్తుంది. ప్రోబయోటిక్స్ ఎక్కువగా మడ్డిని కరిగించే రకం బ్యాక్టీరియా. ఫిల్టర్‌లో స్థిరపడే బ్యాక్టీరియాకు అవి బదులు కావు.

నీళ్లు తేటపడటానికి పటిక వేస్తే?

వేయొద్దు. పటిక బురదను కిందికి దింపుతుంది, దాంతోపాటు పీహెచ్‌నూ దింపుతుంది. అమ్మోనియా అలాగే ఉంటుంది. బ్లీచింగ్ పౌడర్ సంగతి చెప్పక్కర్లేదు, చేపలూ బ్యాక్టీరియా కలిసి పోతాయి. చేపకు మందు పెట్టాల్సి వస్తే వేరే టబ్బులోకి తీసి పెట్టండి.

డ్రమ్ము బదులు మొక్కలతో చేయొచ్చా?

తప్పకుండా. జాగా ఉన్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. తొట్టికి పక్కనే, కొంచెం ఎత్తులో, తొట్టి విస్తీర్ణంలో నాలుగో వంతు ఉండేలా అడుగు లోతు చిన్న మడి కట్టించండి. అడుగున రంధ్రాలు చేసిన పీవీసీ పైపు, పైన 20 ఎంఎం కంకర, ఆ పైన సన్న కంకర. మోటారు నీళ్లు అడుగు పైపులోకి వెళ్లి కంకర గుండా పైకి వచ్చి తొట్టిలోకి పొర్లాలి. అందులో మెట్టతామర, చేమ, వట్టివేరు నాటండి. మట్టి వేయొద్దు, చేపల ఎరువే చాలు. ఇందులో నైట్రేట్ కూడా తగ్గుతుంది, డ్రమ్ముతో అది కుదరదు. మెట్టతామర పిలకలు గుబురుగా పెరిగి పైపు రంధ్రాల్లోకి వేళ్లు దూరుస్తుంది, కాబట్టి ఏడాదికోసారి పలచన చేయాలి.

గుర్రపుడెక్క కూడా నీటిని బాగా శుభ్రం చేస్తుంది. కానీ పెరిగిపోయిన మొక్కల్ని కాలువలోనో చెరువులోనో పారేయొద్దు. మన చెరువుల్ని అది ఎలా కప్పేసిందో చూస్తూనే ఉన్నాం. ఎండబెట్టి కంపోస్టులో వేయండి.

ఈ ఫిల్టర్‌తో కోయి చేపలు పెంచొచ్చా?

1,360 లీటర్లలో వద్దు. అరచేతిలో పట్టే కోయి పిల్ల రెండడుగుల చేప అవుతుంది. నాలుగైదు వేల లీటర్లు, నాలుగడుగుల లోతు, రెండు మూడు డ్రమ్ములు ఉంటే ఆలోచించండి.

డ్రమ్ములో దోమలు గుడ్లు పెడతాయా?

కదిలే నీటిలో పెద్దగా పెట్టవు. అయినా పైన దోమతెర కట్టండి. తొట్టిలో పుట్టే పిల్లల్ని చేపలే తినేస్తాయి.

షాక్ కొడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆ జాగ్రత్త ఉండాల్సిందే. మోటారు లైన్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. వైరు అతుకులు నీటి దగ్గర ఉండకూడదు. ప్లగ్గుకు వెళ్లే ముందు వైరు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, వైరు వెంట జారే నీళ్లు సాకెట్‌లోకి పోవు. నీళ్లలో చేయి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచండి.

పండక్కి పది రోజులు ఊరెళ్తున్నాం. చేపలకు మేత ఎవరు వేయాలి?

ఎవరూ వేయక్కర్లేదు. ఎదిగిన గోల్డ్ ఫిష్ వారం, పది రోజులు మేత లేకుండా ఉండగలదు, గోడల మీది పాచి గీక్కుని తింటుంది. పాపం ఆకలితో ఉన్నాయని పక్కింటివాళ్లు గుప్పెడు మరమరాలు వేస్తే అసలు కష్టం మొదలవుతుంది. వెళ్లే ముందు రోజు మడ్డి వదిలి, నీళ్లు నిండుగా నింపి, మోటారు బుట్ట శుభ్రం చేయండి. తాళాలు ఇచ్చినవాళ్లకు మేత డబ్బా ఇవ్వొద్దు. పైపులోంచి నీళ్లు పడుతున్నాయో లేదో రోజుకోసారి చూసి, ఆగిపోతే ఫోన్ చేయమని చెప్పండి.